చీకట్లో స్టార్టర్ డబ్బా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక తరం రైతులు ఎప్పుడు నిద్ర లేవాలో సబ్‌స్టేషన్ నిర్ణయించింది. ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి, ఈ వారం కొన్ని ఊళ్లకు పగలు, మరికొన్నింటికి రాత్రి, పై వారం అటుది ఇటు, ఇటుది అటు అంటూ త్రీఫేజ్ కరెంటును వంతుల మీద వదిలేవారు. రోజుకు ఇచ్చే ఏడు గంటలూ ఒక్క విడతలో రావు. పగలు కొంత, అర్ధరాత్రి దాటాక కొంత. రాత్రి వంతు వచ్చినవాడు టార్చిలైటు, ఓ కర్ర పట్టుకుని బాయికాడికి బయల్దేరాలి. దారిలో పాము, గట్టు మీద జారుడు, గాలివానకు తెగి మడిలో పడ్డ తీగ. అన్నీ దాటుకుని చేరితే అక్కడ గుంజకు వేలాడుతూ ఇనుప డబ్బా. దాన్ని తడిచేత్తోనే తెరవాలి.

ఫోన్‌లోంచి లైటు ఆర్పే, మోటారు వేసే స్మార్ట్ ప్లగ్గులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. వాటిని ఇంటి బయట, వానలో వాడితే ఏమవుతుందన్నది పట్నంవాళ్లకు కొత్త ప్రశ్నే కావచ్చు. తెలుగు పల్లెలు మాత్రం స్మార్ట్ ప్లగ్ పేరు వినకముందే దాన్ని ఎదుర్కొన్నాయి, సొంతంగా జవాబులు కూడా కట్టుకున్నాయి. ఆ జవాబుల్లో కొన్ని తెలివైనవి, కొన్ని ప్రాణం తీసేవి. ఒక్కోసారి రెండూ ఒకే డబ్బాలో ఉండేవి.

ముందు ఆ డబ్బా సంగతి. రేకు మూత ఒక మడతబందు ఊడి ఓ పక్కకు వాలి ఉంటుంది. వాన పడకుండా పైన యూరియా సంచి కప్పి సుతిలితో కట్టి ఉంటారు. లోపల మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులు. వాటిలో ఒకటి రెండింటికి అసలు ఫ్యూజు తీగ పోయి, తెగిన సర్వీసు వైరులోంచి పీకిన రాగిపోగు చుట్టి ఉంటుంది. మూలన కందిరీగల గూడు. కాంటాక్టుల మధ్య చీమలు నలిగి మాడిపోయిన నల్లటి పొడి. పచ్చ బటన్ మీద రంగు అరిగి తెల్లబడి ఉంటుంది, ఎర్రది మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది. మోటారును ఆపే పని చాలాసార్లు కరెంటే చేసేది కదా.

ఆ పచ్చ బటన్ వెనక ఉన్న ఏర్పాటు చాలా పాతది, చాలా మంచిది. బటన్ నొక్కగానే లోపలి కాయిల్‌కు కరెంటు అంది, అది అయస్కాంతమై కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది. చెయ్యి తీసేసినా పట్టు వదలదు. కరెంటు పోయిందా, కాయిల్ వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వచ్చి నొక్కేదాకా మోటారు కదలదు. ఇంజనీర్లు దీన్ని నో-వోల్ట్ కాయిల్ అంటారు. కరెంటు లేనప్పుడు బెల్టు సర్దుతున్నవాడి వేళ్లు, పంపు విప్పుతున్న మెకానిక్ చేతులు, అది ఉన్నట్టుండి వస్తే నలిగిపోకూడదన్నది దాని లెక్క. మోటారు లేచే క్షణంలో మనిషి ఎదుట నిలబడి చూస్తూ ఉండాలని ఆ డబ్బా పట్టుబడుతుంది. తర్వాతి కథంతా ఆ పట్టుదలను తప్పించుకోవడానికి జరిగిన ప్రయత్నమే.

దక్షిణాదిలో కరెంటు మోటారు బావి గట్టెక్కింది మొదట కోయంబత్తూరు ప్రాంతంలో. నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలయ్యాక ఆ కరెంటు మిల్లులకూ, వాటితోపాటు చుట్టుపక్కల బావులకూ అందింది. తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడితో కలిసి 1937లో దేశంలోనే తొలి స్వదేశీ మోటారు తయారుచేశాడని కోయంబత్తూరు గొప్పగా చెప్పుకుంటుంది. ఆ ఊరి మోటార్లూ పంపులూ తర్వాత రాయలసీమ బావుల్లోకి, తెలంగాణ బావుల్లోకి వరదలా వచ్చాయి.

తెలుగు నేల మీద కరెంటు పల్లె దాకా రావడానికి ఇంకా టైము పట్టింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. 1959లో విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది, బి.వెంకటప్పయ్య అధ్యక్షతన పనిచేసిన గ్రామీణ రుణ సమీక్షా సంఘం సిఫారసు దాని వెనక ఉంది. దాదాపు అదే రోజుల్లో సిరిసిల్లలో దేశంలోని తొలి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి పుట్టింది. జనం నోట్లో అది సెస్. సిరిసిల్ల మగ్గాలతోపాటు చుట్టూ ఉన్న బావుల మోటార్లకూ అదే కరెంటు, ఇప్పటికీ.

మొదట్లో మోటారు బావిలోనే, నీళ్లకు కాస్త పైన మెట్టు మీదో, గిలకల కింద కట్టిన అరుగు మీదో ఉండేది. నీళ్లు దిగితే మోటారునూ దించాలి, వరదొస్తే పైకి లాగాలి. బావులు ఎండి బోర్లు వచ్చాక, సబ్‌మెర్సిబుల్ మోటారు ఏకంగా భూమిలోకి దిగిపోయింది. నీళ్లలోనే పనిచేసేలా కట్టిన యంత్రానికి ఇక వానతో పేచీ లేదు. పైన మిగిలింది స్టార్టర్ ఒక్కటే. అంటే తడిని తట్టుకునేది భూమిలోకి పోయింది, తడికి చెడిపోయేది గుంజ మీద మిగిలింది. రైతు చెయ్యి రోజూ తగిలేది ఆ రెండోదానికే.

కరెంటుకు రైతు కట్టే ధర కథ వేరే పెద్ద పుస్తకం. ఇక్కడికి కావలసింది ఇంతే: 1980ల మొదట్లో మీటర్లు పోయి హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అనే స్లాబు వచ్చింది. ఎన్టీ రామారావు హయాంలో అది హార్స్‌పవర్‌కు 50 రూపాయలు. చార్జీలు పెంచినందుకు జరిగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు జరిగాయి. 2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు మీద తొలి సంతకం పెట్టారు. కెపాసిటర్ ఉండాలి, ఐఎస్ఐ పంపు ఉండాలి, మంచి ఫుట్‌వాల్వు, మంచి పైపు ఉండాలి అన్న షరతులు తర్వాత వచ్చాయి. అన్నీ కరెంటు ఆదాకు సంబంధించినవే.

ధర పోయింది, గంటలు మిగిలాయి. కరెంటు ఉచితమే గానీ వచ్చిన ఆ కాసేపట్లో అందుకోవాలి. అందుకోవడానికి మేల్కొని ఉండాలి. అప్పుడు పుట్టింది ఆటో స్టార్టర్.

అది అరచేతిలో పట్టే చిన్న పెట్టె. స్టార్టర్ పక్కన బిగించి, రెండు మూడు వైర్లు పచ్చ బటన్ కాంటాక్టులకు కలిపేస్తారు. మూడు ఫేజులూ వచ్చాయని పసిగట్టగానే కొన్ని క్షణాలాగి లోపలి రిలే బటన్ నొక్కిన పని చేస్తుంది. మెకానిక్ చేతికి అరగంట పని. రైతు ఇంట్లో పడుకుంటే మోటారు తనంతట తనే లేచి మడి తడిపి, కరెంటు పోగానే పడుకుంటుంది. రాత్రి పాముల మధ్య నడక తప్పింది, వానలో డబ్బా తెరిచే గండం తప్పింది. చీకట్లో చచ్చిపోయిన వాళ్ల పేర్లు ప్రతి ఊళ్లో ఒకటో రెండో తెలిసిన రోజుల్లో దాన్ని సోమరితనమనడం అన్యాయం.

అయితే ఆ పెట్టె చేసింది సరిగ్గా నో-వోల్ట్ కాయిల్ వద్దన్న పనే. మోటారు ఇప్పుడు ఎవరూ చూడని వేళ, ఎవరికీ చెప్పకుండా లేస్తుంది. ఇంకో చిక్కు ఇంజనీర్లు లెక్కగట్టి చెప్పేవారు. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఒక్కో ఫేజు నుంచి ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. లేచే క్షణంలో దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది ఫేజుకు సుమారు 130 ఆంపియర్లు. దాని కింద 15 మోటార్లు ఒక్కసారే లేస్తే అడిగేది 600 పైన. వోల్టేజి పడిపోతుంది. పడిన వోల్టేజిలో మోటార్లు తిరగలేక మూలుగుతాయి, వైండింగులు కాలతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే పేలుతుంది. పక్కపక్క పెట్టెల్లో వేరువేరు ఆలస్యాలు పెట్టుకుంటే కొంత మేలే. నా మడికి నీళ్లు ముందు రావాలి అనుకునే చోట ఎవరు వెనక్కి తగ్గుతారు?

2018 జనవరి 1న తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఈ పెట్టె రాజకీయ వార్త అయింది. అంతకుముందు నెలల్లోనే పాత మెదక్, నల్లగొండ, కరీంనగర్ జిల్లాల్లో ప్రయోగం చేసి చూశారు. రోజంతా కరెంటు ఉండి ఆటో స్టార్టరూ ఉంటే మోటారు ఆగదు, బోరు ఎండేదాకా తోడుతూనే ఉంటుంది. డిస్కమ్‌ల సిబ్బంది ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసేయండని బతిమాలారు, కొన్నిచోట్ల దగ్గరుండి తీయించారు. దాదాపు 23 లక్షల పంపుసెట్లున్న రాష్ట్రంలో అది మామూలు పని కాదు. కరెంటు గంటలు తక్కువైనందుకు పుట్టిన వస్తువు, ఎక్కువైనందుకు అక్కర్లేనిదైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడానికి ఫీడర్ల మీద పెద్ద ఎత్తున పనులు జరిగాయి. కరెంటు పగటికి మారడమే ఏ పరికరం కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడి ఉంటుందనడానికి లెక్కలు చూడనక్కర్లేదు, రాత్రి బాయికాడికి నడిచిన ఎవరినడిగినా చెబుతారు.

ఈ లోపు ఇంకో పాయ పుణెలో మొదలైంది. సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు, రాత్రిపూట పంపు దాకా నడిచే తాత అవస్థ చూసి, దూరం నుంచి మోటారు వేసే యంత్రం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. దాని పేరు నానో గణేశ్. పాత సెల్‌ఫోన్ ఒకటి స్టార్టర్‌కు కలిపి పొలంలో వదిలేస్తారు. రైతు ఇంటి నుంచి ఫోన్ చేసి అంకెలు నొక్కితే, ఆ అంకెల మోతను అవతలి సర్క్యూట్ విని మోటారు వేస్తుంది. ఆ మోతలు 1963లో అమెరికాలో బెల్ సంస్థ బటన్ల టెలిఫోన్‌తో తెచ్చినవే. 2009లో నోకియా పెట్టిన పోటీలో నానో గణేశ్‌కు బహుమతి వచ్చింది. బెంగళూరు సంస్థ విన్‌ఫినెట్ కిసాన్ రాజా పేరుతో మరో పరికరం తెచ్చింది. అది రైతుతో అతని భాషలోనే మాట్లాడుతుంది. తర్వాత కోయంబత్తూరు నుంచి, హైదరాబాద్ నుంచి, ఊరూపేరూ లేని చోట్ల నుంచి కూడా ఇవి వచ్చిపడ్డాయి. మనవాళ్లు అన్నిటినీ కలిపి సెల్ స్టార్టర్ అన్నారు.

2003లో ఇన్‌కమింగ్ ఉచితం కావడం వీటికి కలిసొచ్చింది. పొలంలో పెట్టిన సిమ్ము ఫోను ఎత్తనక్కర్లేదు, మిస్డ్ కాల్ చాలు. ఒక రింగు, మోటారు ఆన్. రిజిస్టరు చేసిన నాలుగైదు నంబర్ల నుంచి వస్తేనే అది పలుకుతుంది, మిగతావాటిని తోసేస్తుంది. ఆటో స్టార్టర్‌కు లేని తెలివి ఇందులో ఉంది. మూడు ఫేజులూ ఉన్నాయా, బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తినే తిరుగుతోందా అన్నది చూసి కబురు పంపుతుంది. మనిషి నిర్ణయం మళ్లీ లోపలికి వచ్చింది.

మనిషి కన్ను మాత్రం రాలేదు. అన్న పొలంలో ఉండి డబ్బా విప్పాడని తెలియక తమ్ముడు పట్నం నుంచి ఫోన్ కొట్టగలడు. అందుకే అనుభవమున్న మెకానిక్కులు పని మొదలుపెట్టే ముందు మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుంటారు. ఫ్యాక్టరీల్లో స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి దగ్గర పెట్టుకునే పద్ధతి ఉంది. ఇది దాని పల్లెటూరి రూపం. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన కమ్ముకొస్తే కొందరు రైతులు చేసేది కూడా ఫ్యూజులు పీకడమే. పిడుగు దగ్గర్లో పడితే లైన్లోకి ఎగబాకే వోల్టేజికి ముందు కాలేది సెల్ స్టార్టర్‌లోని సున్నితమైన బోర్డే. పాత కాయిల్‌కు అది పెద్ద లెక్కలోది కాదు.

పట్నపు స్మార్ట్ ప్లగ్గు వంశం మరో వైపు నుంచి వచ్చింది. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోత్స్‌లో పికో ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు 1975లో ఎక్స్10 అనే పద్ధతి కనిపెట్టారు. ఇంట్లో ఉన్న కరెంటు వైర్ల మీదే సంకేతాలు పంపి, ఎక్కడో ఉన్న దీపాన్ని ఆర్పడం దాని పని. 1978 నుంచి అమెరికా దుకాణాల్లో అమ్మారు. తర్వాత వైఫై వచ్చింది. 2014లో షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 అనే చవక చిప్పు వదలడంతో ఎవరైనా ఇలాంటి ప్లగ్గు తయారుచేయగల రోజు వచ్చింది.

అమెరికాలో బయటి సాకెట్ మీద ఇంకో చరిత్ర ముందే జరిగి ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియెల్ విద్యుద్ఘాతం మీద దశాబ్దాలు పరిశోధించాడు. కరెంటు తీగను పట్టుకున్న మనిషి తన ఇష్టంతో వదిలించుకోగల హద్దు మగవారిలో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారిలో పదిన్నర అని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద కొలిచాడు. ఆ అవగాహనతో 1961లో ఒక పరికరం తయారుచేశాడు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని నిత్యం పోల్చి, 5 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా తెంచేస్తుంది. దారి తప్పిన కరెంటు ఎవరి ఒంట్లోంచో పోతూ ఉండొచ్చు కదా. 1970లలో అమెరికా విద్యుత్ నిబంధనలు ఇంటి బయటి సాకెట్లకు దీన్ని తప్పనిసరి చేశాయి. అక్కడి పేరు జీఎఫ్‌సీఐ, మన దగ్గర ఆర్‌సీసీబీ, ఎలక్ట్రీషియన్ల నోట్లో ఈఎల్‌సీబీ.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు దీపావళికి ఇంటి ముందు లైట్లు కట్టి క్రిస్మస్ దాటాక విప్పుతాయి. స్మార్ట్ ప్లగ్గు పెట్టి సాయంత్రం వెలిగేలా, అర్ధరాత్రి ఆరేలా టైము పెట్టుకుంటారు. వాన పడగానే లైట్లు ఆరిపోతున్నాయని, ప్లగ్గు పాడైందని కంపెనీని తిడతారు. చాలాసార్లు ఆరేది ప్లగ్గు కాదు, వెనకున్న జీఎఫ్‌సీఐ. గడ్డిలో పడున్న తీగల జాయింటులోకి నీళ్లు దిగి కరెంటు నేలలోకి కారుతోంది. జాయింటును నేల మీద నుంచి ఎత్తి, ఆరబెట్టి కట్టాలి. విసిగి జీఎఫ్‌సీఐ లేని సాకెట్‌కు మార్చుకునేవాళ్లూ ఉంటారు, అది ప్రమాదమని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

బయటికి పనికొస్తుందా లేదా అన్నది డబ్బా మీద రెండు అంకెల్లో రాసి ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణంగా 1976లో వచ్చిన ఐపీ లెక్క ఇది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ44 అంటే ఏ వైపు నుంచి చిందినా తట్టుకుంటుంది, ఐపీ65 పైపుతో చిమ్మినా తట్టుకుంటుంది, ఐపీ67 మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా బతుకుతుంది. ఏ అంకె లేని ఇంటి ప్లగ్గును వసారాలో పెట్టి పాలిథిన్ కవరు చుట్టేవారికి లోపల చేరే చెమ్మ సంగతి తట్టదు. యూరియా సంచి కప్పిన స్టార్టర్ డబ్బాలోనూ తుప్పు అలాగే పట్టింది. ఇంకొకటి, ఐపీ అంకె మూత వేసి ఉన్నప్పటిదా, ప్లగ్గు గుచ్చి ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా అని కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. రెండూ ఒకటి కావు.

వానలో సిగ్నల్ పోతుందని అనుకోవడం కూడా పొరపాటే. ఇంటి దూరాల్లో వైఫైని వాన చినుకులు ఆపేది చాలా తక్కువ. ఇనుప డబ్బాలో ప్లగ్గు పెడితే మాత్రం ఆగుతుంది. అసలు పోయేది రూటరుకు కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖపట్నంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు ఆన్ ఆఫ్ టైములు దూరపు సర్వరులో కాక తనలోనే దాచుకునే ప్లగ్గు, ఒంటి మీద చేత్తో నొక్కే బటన్ ఉన్న ప్లగ్గు అక్కరకొస్తాయి.

మన అపార్టుమెంట్లలో ఈ ప్లగ్గులు ఎక్కువగా చేరుతున్నది సంపు మోటారు దగ్గరికి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే గదా, 10 ఆంపియర్ల ప్లగ్గు చాలదా అనుకుంటారు. లేచే క్షణపు ఆరు రెట్ల లెక్క ఇక్కడా ఉంది. చిన్న రిలే కాంటాక్టులు ఆ నిప్పురవ్వకు అతుక్కుపోతే, ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తూనే మోటారు తిరుగుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ స్మార్ట్ ప్లగ్గుతో మోటారును నేరుగా నడపడు. ప్లగ్గుతో ఓ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే లాగించి, బరువంతా కాంటాక్టర్ మీద వేస్తాడు.

ఆప్‌లో ఓ మూల, చాలామంది తెరవని సెట్టింగు ఒకటి ఉంటుంది: కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఏం చేయాలి? ఆన్ కావాలా, ఆఫ్‌లో ఉండాలా, పోయే ముందు ఎలా ఉందో అలాగే ఉండాలా? బాల్కనీ దీపానికి మూడోది పెట్టుకున్నా పోయేదేం లేదు. మోటారుకు, ఆరుబయట తీగలు లాగిన ఏ పరికరానికైనా ఆఫ్ పెట్టుకోవాలి. కొన్ని ప్లగ్గులకు ఈ సెట్టింగే ఉండదు. అలాంటివి కరెంటు రాగానే ఏం చేస్తాయో కొన్న రోజే బల్బు పెట్టి, మెయిన్ ఆపి వేసి చూసుకోవచ్చు. ఇక ఆర్‌సీసీబీ ప్లగ్గుతోపాటు రాదు. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లది విడిగా పెట్టించుకోవాలి, ఎర్త్ సరిగా ఉందో లేదో అదే రోజు చూపించుకోవాలి. ఆర్‌సీసీబీ మీద టి అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే కొత్తది తెచ్చుకోవాలి.